బహుభాషా పార్సింగ్ లైబ్రరీ: అమరిక, పరీక్ష, విడుదల

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తర్వాత మీరు:
• ఒకే వ్యాకరణం నుంచి పలు భాషల పార్సర్లు తయారయ్యే తీరును వివరించగలుగుతారు.
• ఉమ్మడి పరీక్షా ఫైళ్ల అవసరాన్ని తెలియజేయగలుగుతారు.
• వెర్షన్ సంఖ్యల అర్థాన్ని చెప్పగలుగుతారు.

1. పరిచయం

ఫైలులోని పాఠాన్ని నియమాల ప్రకారం విడదీసి, దాని నిర్మాణాన్ని ప్రోగ్రాముకు అందించే సాఫ్ట్‌వేర్‌ను పార్సర్ అంటారు. కుకుంబర్ అనే టెస్టింగ్ సాధనంలోని గెర్కిన్ పార్సర్ ఇందుకు మంచి ఉదాహరణ. సాఫ్ట్‌వేర్ ఎలా ప్రవర్తించాలో మామూలు వాక్యాలలో రాసిన ఫైళ్లను ఇది చదువుతుంది. ఇది రెండు విధాల బహుభాషా లైబ్రరీ. ఒకటి, ఇది జావా, పైథాన్, రూబీ, గో వంటి అనేక ప్రోగ్రామింగ్ భాషలలో లభిస్తుంది. రెండు, మనుషులు మాట్లాడే అనేక భాషలలోని కీలకపదాలను ఇది గుర్తిస్తుంది. వాటిలో తెలుగు కూడా ఉంది. ఫైలు మొదట్లో తెలుగు భాషా సంకేతం ఇస్తే ‘గుణము’, ‘నేపథ్యం’, ‘అప్పుడు’ వంటి పదాలతోనే రాయవచ్చు.

2. అమరిక

ప్రతి ప్రోగ్రామింగ్ భాషలోనూ పార్సర్‌ను విడిగా చేత్తో రాస్తే, కాలక్రమంలో వాటి ప్రవర్తనలో తేడాలు వస్తాయి. అందువల్ల వ్యాకరణాన్ని ఒకే ఫైలులో ఉంచుతారు. బెర్ప్ అనే పార్సర్ జనరేటర్ దాని నుంచి ఆయా భాషలకు కోడ్ తయారుచేస్తుంది. కీలకపదాలు వేరొక జేసన్ ఫైలులో ఉంటాయి. కాబట్టి మరో మానవ భాషను చేర్చడానికి వ్యాకరణాన్ని మార్చనక్కరలేదు.

3. పరీక్ష

సరైన ఫైళ్లు, తప్పులున్న ఫైళ్లు, వాటికి రావలసిన ఫలితాలు ఒకేచోట ఉంటాయి. అన్ని పార్సర్లూ ఆ ఫలితాలనే ఇవ్వాలి.

ఇది ఎందుకు ముఖ్యమో చూడండి. ‘గుణము’ మన కంటికి మూడక్షరాలు. యూనికోడ్‌లో గుణింతపు గుర్తులు విడిగా ఉంటాయి కనుక అది 5 కోడ్ పాయింట్లు. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు కోడ్ పాయింటుకు 3 బైట్ల చొప్పున 15 బైట్లు. వరుస మొదట ఈ పదం, వెంటనే కోలన్ ఉన్నాయనుకోండి. కోడ్ పాయింట్లు లెక్కించే పార్సర్ కోలన్‌ను 6వ స్థానంలో చూపుతుంది. బైట్లు లెక్కించేది 16వ స్థానంలో చూపుతుంది. దోషం ఉన్నచోటును తప్పుగా చెబితే వాడుకరి దానిని వెతుక్కోలేడు. సాధారణ ఆంగ్ల అక్షరం ఒక్కొక్కటి 1 బైటే కాబట్టి, ఆంగ్ల ఫైళ్లతో మాత్రమే పరీక్షిస్తే ఈ లోపం ఎన్నటికీ బయటపడదు.

4. విడుదల

వెర్షన్‌లో మూడు సంఖ్యలు ఉంటాయి. పాత ప్రోగ్రాములు పనిచేయకుండా చేసే మార్పుకు మొదటి సంఖ్య, పాతవాటికి భంగం కలిగించని కొత్త సౌకర్యానికి రెండవది, దోష సవరణకు మూడవది పెరుగుతుంది. పరీక్షలన్నీ నెగ్గాక, మార్పుల పట్టికలో వివరం రాసి, జావాకు మావెన్ సెంట్రల్, పైథాన్‌కు పైపీఐ, రూబీకి రూబీజెమ్స్ వంటి భాండాగారాలకు పంపుతారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

‘ఉదాహరణ’ అనే పదంలో కోడ్ పాయింట్లు ఎన్ని? యూటీఎఫ్-8లో బైట్లు ఎన్ని?

జవాబు: 6 కోడ్ పాయింట్లు, 18 బైట్లు.