‘నాటు’ మాటకు పట్టాభిషేకము

2023 మార్చి 13, సోమవారము. ఉదయమే అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నుండి తెలుగునాటికి ఒక వార్త చేరినది. 95వ ఆస్కారు సభలో ఉత్తమ చలనచిత్ర గీతముగా ‘ఆర్ఆర్ఆర్’లోని ‘నాటు నాటు’ ఎన్నికైనది. మొదటి వడపోతలో 15 పాటలు, రెండవదానిలో 5 పాటలు నిలిచినవి. తుదకు రిహానా, లేడీ గాగా వంటి జగద్విఖ్యాత గాయనుల పాటలను త్రోసిరాజని తెలుగు పాట గెలిచినది. 2009లో ‘జయ హో’కు ఈ గౌరవమే దక్కినను, ఆ చిత్రము బ్రిటిషువారి నిర్మాణము. మనదేశపు చిత్రములోని పాటకు ఇది లభించుట ఇదే ప్రథమము.

స్వరకర్త కీరవాణి, గీతకర్త చంద్రబోసు ప్రతిమలను అందుకొనుచుండగా, తానే అందుకొన్నట్లు పొంగిపోని అభిమాని లేడు. ఉప్పల్ దాటి వరంగల్లు రహదారిలో, ఘట్‌కేసరుకు ఇవతలనున్న అన్నోజిగూడ అభిమానికి ఈ మమకారము ఒక పాలు హెచ్చు. ఆ బాట పోవునది చంద్రబోసు పుట్టిన ఓరుగల్లు సీమకే. ఆ సీమలోని చల్లగరిగె ఆయన స్వగ్రామము.

ఆనందము వెనువెంటనే అభిమానికి సందేహములును కలుగును. పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవలకు, అడుగులు కూర్చిన ప్రేమ్ రక్షిత్‌కు ప్రతిమలేవి? ఈ విభాగమున బహుమానము స్వరమునకును సాహిత్యమునకును మాత్రమే, నియమమట్టిది. ఇంతకన్న గట్టి ప్రశ్న వేరొకటి కలదు. తెలుగు తెలియని నిర్ణేతలు మెచ్చినది దరువునా, మాటనా? మన బంగారమునకు వన్నె కట్టుటకు పొరుగూరి కంసాలి రావలెనా?

ఈ ప్రశ్నకు సమాధానము ‘నాటు’ అను మాటలోనే వెదకవలెను. నాటుకోడి, నాటువైద్యము అన్నప్పుడు దానికి ‘దేశీయము’ అని అర్థము. కాని పట్నవాసపు నోట అది ‘మోటు’కు తోబుట్టువైనది. నాటుమనిషి అనుట ఈసడింపే. చిత్రకథలోను అంతే. దొరల విందులో ఒక తెల్లవాడు, వీరికి నృత్యమేమి తెలియునని ఎగతాళి చేయును. ఆ ఎగతాళికి బదులుగా పుట్టినదే ఈ పాట. పొలము దుమ్ము, పోట్లగిత్త, అమ్మవారి జాతర, తొక్కు నంజుకొను జొన్నరొట్టె, ఇవియే అందలి సామగ్రి. ఏ మాటతో మనలను మనమే చిన్నబుచ్చుకొంటిమో, ఆ మాటనే పరదేశపు సభ అనువాదము కోరక పలికినది.

నిర్ణేతలకు దరువు చాలినది; మనకు చాలదు. అన్నోజిగూడ పరిసరములలో పొలములు ఇండ్ల స్థలములైనవి. అచ్చటి బడిపిల్లలు ఈ పాటను గుక్కతిప్పక పాడగలరు. గట్టు ఏది, రచ్చ ఏది, తొక్కు ఎట్లు నూరుదురు అని అడిగినచో ఎందరు చెప్పగలరు? చెప్పలేకపోవుట వారి తప్పు కాదు; చూపించినవారు లేరు. ఆ లోటును ఏ విదేశపు బహుమానమును తీర్చజాలదు.

ఉపాధ్యాయులు ఒక పూట ఈ పాటనే పాఠముగా చేయవచ్చును. ప్రతి మాటకు అర్థము ఇంట అవ్వనో తాతనో అడిగి రమ్మనవచ్చును. ‘నాటు’కు ఇంకొక అర్థము కూడ ఉన్నదని, మడిలో నారు పాతుటయును నాటుటయేనని వారే చెప్పుదురు. అభిమానము కేరింతలతో ఆగక ఆ మాటల దాకా పోయిననాడే ఈ గెలుపు మనదగును.