గూటిలో తొమ్మిది కోళ్లు

దివిసీమలో మా పిన్ని వాళ్ల పెరట్లో ఒకరోజు తెల్లారేసరికి కోళ్ల గూడు తలుపు వారగా తెరిచి ఉంది. లోపల తొమ్మిది కోళ్లు చచ్చి పడున్నాయి. ఒక్కదాన్నీ తిన్న జాడ లేదు. పదోది, నల్లపెట్ట, కనిపించలేదు. గూటి దగ్గర్నుంచి అరటి చెట్ల దాకా దాని ఈకలు రాలి ఉన్నాయి.

"ఆకలైతే ఒకదాన్ని ఎత్తుకుపోవచ్చు కదరా. మిగతావాటిని ఇట్లా చంపి పోవడమేంటి? మన మీద పగా దానికి?" అంది పిన్ని కళ్లు తుడుచుకుంటూ.

ముందు వచ్చిందెవరో తేలాలి. నీళ్ల తొట్టి దగ్గర మెత్తటి మట్టిలో గుండ్రటి అడుగులు పడ్డాయి. నాలుగు వేళ్లున్నాయి, గోళ్ల గుర్తు లేదు. కుక్కకీ నక్కకీ గోళ్లు ఎప్పుడూ బయటే ఉంటాయి కాబట్టి నేల మీద గుచ్చుకుంటాయి. పిల్లి జాతి నడిచేటప్పుడు వాటిని లోపలికి ముడుచుకుంటుంది. చిరుత అడుగైతే దాదాపు మన అరచేయంత వెడల్పుండేది. ఇది ఇంటిపిల్లి అడుగు కంటే కాస్త పెద్దది, అంతే. ఒక కోడి మెడ వెనక ఈకలు ఒత్తి చూస్తే రెండు చిన్న గాట్లు కనిపించాయి. అవి కోరపళ్లు దిగిన చోట్లు. పిల్లి అక్కడే కరుస్తుంది. కోర వెళ్లి మెడ ఎముకల సందులో దూరి వెన్నుపామును తెంచేస్తుంది.

వచ్చింది అడవిపిల్లి. ఎండుగడ్డి రంగు ఒళ్లు, పొడుగు కాళ్లు, పొట్టి తోక, తోక చివర నల్ల పట్టీలు, చెవుల కొసన చిన్న కుచ్చు. కొన్ని ఊళ్లలో దీన్నే బావురుపిల్లి అంటారు. కోరింగ మడ అడవుల్లో చేపలు పట్టుకునే పిల్లికీ ఆ పేరే వాడతారు గానీ అది వేరే జాతి, దాని ఒంటి నిండా మచ్చలుంటాయి. పేరులో అడవి ఉన్నా ఈ పిల్లికి చిట్టడవి కంటే కాలవ గట్లు, రెల్లుపొదలు, చెరుకు తోటలే ఇష్టం. మన పెరడు దాని దారిలోనే ఉంది.

పిన్ని అడిగిన ప్రశ్నకు సగం జవాబు పాల్ లైహౌజెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త దగ్గర దొరుకుతుంది. ఆయన పిల్లులకు ఒకదాని తర్వాత ఒకటిగా ఎలుకల్ని ఇస్తూ పోయాడు. కడుపు నిండాక పిల్లి తినడం మానేసింది కానీ చంపడం మానలేదు. కాసేపటికి చంపడమూ ఆపింది, అయినా పట్టుకోవడం మాత్రం సాగించింది. పొంచి ఉండటం, పట్టుకోవడం, చంపడం, తినడం... వీటిల్లో దేని ప్రేరణ దానిదే. ఆకలి తీరినంత మాత్రాన అన్నీ ఒకేసారి ఆగవు. పొలంలో ఎలుక తప్పించుకు పారిపోతుంది కాబట్టి ఈ సంగతి మనకు తెలియదు.

మిగతా సగం గూటిలో ఉంది. హాన్స్ క్రూక్ అనే శాస్త్రవేత్త 1972లో ఇలాంటి చావుల మీదే ఒక పరిశోధన పత్రం రాశాడు. ఇంగ్లండు సముద్రతీరంలో గుడ్లు పొదిగే పక్షుల్ని నక్కలు కుప్పలుగా చంపేవి. అదీ చిమ్మచీకటి రాత్రుల్లోనే, ఎందుకంటే ఆ చీకట్లో పక్షులు ఎగరకుండా కూర్చుండిపోయేవి. ఆఫ్రికాలోని సెరెంగెటిలో ఒక తుఫాను రాత్రి హైనాలు 82 జింకల్ని చంపేశాయి. తిన్నది వాటిల్లో కొద్ది భాగమే. రెండు చోట్లా కారణం ఒకటే: పారిపోవాల్సినది పారిపోలేదు.

కోడి సంగతి మన ఇళ్లలో ఎవరికి తెలియదు? పగలు ఊరంతా పరిగెత్తించే పుంజు రాత్రి గూట్లో చేయి పెడితే కిక్కురుమనకుండా చేతికొస్తుంది. చీకట్లో కోడికి కళ్లు సరిగా ఆనవు. పైగా గూడు నాలుగు వైపులా మూసి ఉంది. కళ్ల ముందు రెక్క కదిలినప్పుడల్లా పిల్లిలో వేట ప్రేరణ మళ్లీ లేస్తుంది. పగా కాదు, తిండిపోతుతనమూ కాదు పిన్నీ. నిజానికి చచ్చిన తొమ్మిదింటికీ సరిగా పడని ఆ తలుపు కొక్కేనిదే బాధ్యత.

ఈ మాట చెబుతున్నప్పటికి పక్కింటాయన బోను తెస్తానని బయల్దేరాడు. నేను వద్దన్నాను. అడవిపిల్లిని పట్టడం, చంపడం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. అంతకంటే పెద్ద సంగతి, దాని అసలు తిండి ఎలుకలు. రాజస్థాన్‌లోని సరిస్కాలో చేసిన అధ్యయనం ఒక్కో పిల్లి రోజుకు మూడు నుంచి ఐదు ఎలుకల్ని తింటుందని లెక్కగట్టింది. మూడేసి అనుకున్నా ఏడాదికి వెయ్యి దాటుతాయి. వరి కంకులు కొరికే ఎలుకల్ని పట్టడానికి రైతులు ఎంత అవస్థ పడతారో చూస్తూ పెరిగినవాణ్ణి. ఆ పిల్లిని పోగొట్టుకోవడం నాకు ప్రాణం ఒప్పలేదు.

దాని పిల్లల విషయంలోనూ ఇలాంటి తొందరే పడతారు. చెరుకు కోతలప్పుడు చారల పిల్లలు దొరికితే చిరుత కూనలని జనం కేకలేస్తారు. చాలాసార్లు అవి అడవిపిల్లి పిల్లలే, పెరిగేకొద్దీ ఆ చారలు పోతాయి. వాటిని ఇంటికి తెస్తే తల్లికి దూరమవుతాయి. ఉన్నచోటే వదిలి మనుషులు తప్పుకుంటే చీకటి పడ్డాక తల్లి వచ్చి ఒక్కొక్కదాన్నే నోట కరుచుకుని పోతుంది. మహారాష్ట్రలో జున్నర్ చెరుకు తోటల్లో దొరికిన చిరుత కూనల్ని కూడా అటవీ శాఖ వాళ్లు ఇలాగే దొరికినచోటే ఉంచి తల్లికి అప్పగిస్తుంటారు.

కోళ్లు చచ్చిన ఆ రోజే పిన్ని వాళ్ల గూటికి చిన్న కన్నాల గట్టి ఇనుప జాలీ బిగించాం. అడుగున రాళ్లు పేర్చి, కొక్కెం తీసేసి గడియ పెట్టాం. వారం తర్వాత పిన్ని ఫోన్ చేసింది. తొట్టి దగ్గర మళ్లీ అవే అడుగులట. గూటి చుట్టూ ఒకసారి తిరిగి, గడ్డివాము కిందికి పోయాయట. అక్కడ పందికొక్కులు తవ్విన కన్నాలున్నాయి.