బ్యాటరీ తినే రెండో చిప్పు

మాంచెస్టర్ పికడిల్లీలో లండన్ రైలెక్కాక చూసుకుంటే ఛార్జరు ఇంట్లోనే ఉండిపోయింది. మిల్టన్ కీన్స్ రాకముందే, అమ్మతో వీడియో కాల్ మధ్యలో, లాప్‌టాప్ ఆరిపోయింది.

తప్పు నాదే. ముందురోజు బ్లెండర్ కోసం ఇంటెల్ గ్రాఫిక్సు నుంచి విడిగా ఉన్న ఎన్విడియా చిప్పుకి మారి, తిరిగి మార్చడం మరిచాను. లినక్సు తొలి డిస్ట్రిబ్యూషన్లలో ఒకటైన ఎంసీసీ ఇంటరిమ్ 1992లో మా ఊళ్ళోనే పుట్టిందని గొప్పలు చెప్పుకునేవాణ్ణి మరి!

ఈ రెండు చిప్పుల ఆప్టిమస్ ఏర్పాటు 2010లో వచ్చింది. విండోసులో చిప్పులు వాటంతటవే మారేవి. లినక్సులో మాత్రం 2011లో వచ్చిన బంబుల్‌బీయే దిక్కు. 2012లో ఫిన్లాండులో ఒకామె దీని గురించే అడిగితే లైనస్ టోర్వాల్డ్స్ ఎన్విడియాకి మధ్యవేలు చూపించాడు.

2019లో వచ్చిన 435 డ్రైవరుతో దారి దొరికింది. తెరని ఇంటెల్ నడుపుతుంది, బరువైన ప్రోగ్రాము ఒక్కటే ఎన్విడియాకి వెళుతుంది. ఉబుంటులో ‘ప్రైమ్-సెలెక్ట్’ని ‘ఆన్-డిమాండ్’లో పెట్టండి. అయితే 2018 నాటి ట్యూరింగ్ తరానికి ముందువైతే ఇందులోనూ పూర్తిగా నిద్రపోవు. నాది అలాంటిదే. ప్రయాణానికి ముందు ‘ఇంటెల్’కి మార్చి, రీబూట్ చేస్తున్నాను.

అమ్మకి మాత్రం సిగ్నలు పోయిందనే చెప్పాను.