మురుగునీటి శుద్ధియందు బాక్టీరియా భక్షక బాక్టీరియా

సోలాపూరు పట్టణమందలి జోడ్‌భావి పేట్ తెలుగు నేతగాండ్ర నివాసస్థానము. తెలంగాణమునుండి తరలివచ్చిన పద్మశాలి కుటుంబములు ఈ పట్టణమున మగ్గములు నెలకొల్పి చాదరులకును తువాళ్లకును దేశమంతట పేరు తెచ్చినవి. పేట పేరులోనే జంటబావుల ప్రసక్తి కలదు; బావి యన్న మాట తెలుగునకు పరాయిది కాదు. నేత యున్నచోట అద్దకముండును. అద్దకమున్నచోట నీరు విస్తారముగా ఖర్చగును. నూలు ఉడికించిన కాస్టిక్ సోడా, హైడ్రోసల్ఫైట్, ఉప్పు, పట్టక మిగిలిన రంగు, ఇవన్నియు ఆ నీటితో వెలుపలికి పోవలసినవే. ఇండ్ల మురుగుతో అవి కలిసినపుడు శుద్ధిచేయు భారము కంటికి కానరాని జీవులపై పడును.

ఆ జీవులచేత పని చేయించు మార్గమును 1914లో మరియొక నూలు పట్టణమే చూపినది. మాంచెస్టరులో ఆర్డెర్న్, లాకెట్ అను రసాయనజ్ఞులు మురుగునీటిలోనికి గాలి నెక్కించి, అడుగున దిగిన మడ్డిని పారవేయక తరువాతి నీటిలో మరల కలుపుచు వచ్చిరి. శుద్ధికి పట్టు కాలము వారములనుండి గంటలకు తగ్గెను. ఈ ఉత్తేజిత మడ్డిలో కోట్లకొలది బాక్టీరియాలు మాలిన్యమును భుజించి పెరుగును. అయితే వానిని భుజించునవి యేవి? చిరకాలము ఈ గౌరవము ఏకకణ జంతువులకే దక్కెను. బాక్టీరియాలను వేటాడు బాక్టీరియాలు సైతము కలవు; వానిలో ఒకటి 1962లో బయల్పడెను.

ఆ యేడు బెర్లినులో హైన్‌జ్ స్టోల్ప్ మొక్కల తెగులు కలిగించు బాక్టీరియాను చంపు వైరసులకై మట్టిని పరిశీలించుచుండెను. వైరసుల వలన ఏర్పడు తేటమచ్చలు ఒక దినములో కనబడి ఆగిపోవును. ఇచ్చట కొన్ని మచ్చలు ఆలస్యముగా పుట్టి, నానాటికి విస్తరించినవి. అందున్నది వైరసు కాదు, అతి సూక్ష్మమైన బాక్టీరియా. దానికి డెల్లోవిబ్రియో అని పేరిడిరి. గ్రీకు భాషలో ‘బ్డెల్లా’ యనగా జలగ. స్టోల్ప్, స్టార్ 1963లో ప్రకటించిన వ్యాసపు శీర్షికయందే దీనిని వేటజీవి యనియు, బాహ్యపరాన్నజీవి యనియు రెండు విధముల పేర్కొనిరి. రెండవ మాట సరిపడదని పిదప తేలినది. ఈ జలగ పైన కరచి ఊరకుండదు, లోపలికే దూరును.

తోకవంటి కశాభముతో వేగముగా ఈదుచు ఎరను ఢీకొని పట్టుకొనును. ఎర వెలుపలి పొరకు రంధ్రము చేసి, రెండు పొరల నడిమి సందున ప్రవేశించి, రంధ్రమును మూసివేయును. ఎర గుండ్రబడి కొలదికాలముననే మరణించును. దాని సారమును గ్రహించి దారమువలె సాగిన జీవి తునుకలై, మూడు నాలుగు గంటలలో పిల్లలుగా వెలువడును. వెలుపలి పొర గల గ్రామ్-నెగటివ్ తరగతియే దీనికి ఆహారము. టైఫాయిడు, కలరా క్రిములు ఆ తరగతివే. మైకావిబ్రియో యను మరియొకటి లోనికి పోక వెలుపలనే అంటి సారమును పీల్చును. మడ్డిలో సాధారణముగా కనబడు హాలియాంజియం వంటి మిక్సోబాక్టీరియాలు ద్రావకములను విడిచి ఎరను కరగించును.

వీనిని మానవమిత్రులని పొగడుట తొందరపాటు. అమోనియాను మార్చు ఉపకార బాక్టీరియాలలో పెక్కు గ్రామ్-నెగటివ్‌వే. వేటకానికి మంచిచెడుల వివేచన లేదు. ఎర పలుచబడినపుడు వేటజీవికి తిండి దొరకక అదియు తగ్గును. అందువలన ఎర సమూలముగా నశింపదు. కనుక రోగక్రిములను తగ్గించునే కాని క్లోరినుకు బదులు కాజాలదు. మడ్డి పరిమాణమును తగ్గించుటకు వీనిని విడిగా పెంచి కలుపు యత్నములు ప్రయోగదశ దాటలేదు.

నేతపేటలకు ముఖ్యమైన చిక్కు వేరొకటి. నూలు రంగులలో పెక్కు ఆజో తరగతివి. ప్రాణవాయువు లేనిచోట కొన్ని బాక్టీరియాలు వాని బంధమును ఛేదించి రంగును పోగొట్టును. కాని పుట్టెడి ఆరోమాటిక్ అమీనులలో కొన్ని విషములు. తేటబడిన నీరెల్ల శుద్ధము కాదు. వానిని తీర్చుటకు మరల గాలి తొట్టి కావలెను. అచ్చటికి ఒకేసారి క్షారజలము వచ్చిపడిన యెడల ఎరయు వేటకాడును కలిసి చచ్చును. అందుచేత అద్దకపు నీటిని మొదట పెద్దతొట్టిలో నిలిపి, ఆమ్లముతో క్షారమును తగ్గించి, కొంచెముకొంచెముగా విడువవలెను. అట్లు చేయని చోట మడ్డి మరల కుదుటబడుటకు వారములు పట్టవచ్చును; మురుగు మాత్రము అన్నాళ్లు ఆగక వచ్చుచునే యుండును.