గీతలు నిండుగా ఉన్నా ఫోను కలవదేం?

వేసవి వచ్చిందంటే నూజివీడు తోటల్లో చిన్నరసాలు, బంగినపల్లి కాయలు కోతకు వస్తాయి. విజయవాడ దగ్గరి నున్న మార్కెట్టుకు లారీలు బారులు తీరుతాయి. ఆ రోజుల్లో నూజివీడులో ఒక మామిడి ప్రదర్శన జరుగుతోందనుకుందాం. స్టాలు పెట్టిన రైతు దగ్గరకు ఒక వ్యాపారి వచ్చి, "లోడు కాయ కావాలండీ, టన్ను ఎంతకిస్తారు?" అన్నాడు. నున్నలో ఆ పూట ధర తెలియనిదే ఏం చెబుతాడు? అక్కడున్న తమ్ముణ్ణి అడుగుదామని ఫోను తీశాడు. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. కాని కాల్ వెళ్ళలేదు. నాలుగుసార్లు నొక్కినా అంతే. వ్యాపారి పక్క స్టాలుకు వెళ్ళిపోయాడు. పండే కాయ ఆగుతుందా? తప్పు ఫోనుదేనా?

కాదు. టవరు నుంచి రేడియో తరంగాలు ఎంత బలంగా అందుతున్నాయో మాత్రమే ఆ గీతలు చెబుతాయి. టవరు దగ్గర ఖాళీ ఉందో లేదో చెప్పవు. బస్సు కనిపించినంత మాత్రాన లోపల సీటు ఉన్నట్టా?

మరి టవరుకు ఎన్ని సీట్లు? జి.ఎస్.ఎం. అనే పద్ధతిని చూడండి. ఇందులో ఒక్కొక్క రేడియో మార్గం వెడల్పు 200 కిలోహెర్ట్జులు. దాన్ని 8 వంతులుగా పంచుతారు. ఒక్కొక్క వంతు సెకనుకు సుమారు 217 సార్లు తిరిగి వస్తుంది. అందుచేత మాట ముక్కలైనట్టు మన చెవికి తెలియదు. తొమ్మిదో మనిషి మాత్రం ఆగవలసిందే. 4జి పద్ధతిలో పంపకం వేరు. అయినా పంచుకునేవారు పెరిగితే వాటా తగ్గక తప్పదు. మామూలు రోజున ఊరికి సరిపోయే టవరు ప్రదర్శన నాడు చాలదు.

ఇంకొక చిక్కు ఉంది. మార్గం కావాలని ఫోను ముందుగా టవరును అడగాలి. ఇద్దరు ఒకే క్షణంలో అడిగితే తరచు ఆ రెండు సంకేతాలూ కలగాపులగమైపోతాయి. విసుగుతో మళ్ళీ మళ్ళీ నొక్కితే రద్దీ ఇంకా పెరుగుతుంది!

దీనికి ఉపాయం 1947లోనే అమెరికాలోని బెల్ ప్రయోగశాలల ఇంజనీరు డి.హెచ్. రింగ్ సూచించాడు. ప్రాంతాన్ని చిన్న చిన్న గదులుగా విభజించి, దూరదూరపు గదుల్లో అవే మార్గాలను మళ్ళీ వాడుకోవచ్చు. 'సెల్' అంటే గదే. జనం ఎక్కువైనచోట గదిని ఇంకా చిన్నది చేయాలి. పెద్ద ఉత్సవాలకు వాహనాలపై తాత్కాలిక టవర్లను తెచ్చేది అందుకే.

అంతవరకు రైతు చేయగలిగిందేమిటి? తమ్ముడు ధరను సంక్షిప్త సందేశంగా పంపితే చాలు. దానికి సంభాషణకు కావలసినంత మార్గం అక్కరలేదు. వెంటనే అందకపోయినా, వీలు దొరికినప్పుడు చేరుతుంది. ఈసారి తిరునాళ్ళలో ఫోను కలవకపోతే మీరూ ప్రయత్నించి చూడండి.