కుండీలో కూరాకు విశేషాలు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. బాల్కనీలో కొత్తిమీర వేసుకున్నవాళ్లకు ఆ సంగతి కుండీలోనే తెలిసిపోతుంది. వెడల్పాటి ఆకులు ఆగిపోయి, సన్నగా చీలిన ఆకులు పైకి లేచాయంటే మొక్క పూతకు సిద్ధమైనట్టే. ఇక ఎంత కత్తిరించినా ఆగదు. వదిలేస్తే ధనియాలైనా దక్కుతాయి.

ధనియం నిజానికి గింజ కాదు, కాయ. లోపల గింజలు రెండు. అందుకే చపాతీ కర్రతో మెల్లగా నలిపి, బద్దలు చేసి చల్లుతారు. అయినా మొలకకు వారం పది రోజులు పడుతుంది. ఓపిక లేనివాళ్లకు మెంతులు ఉండనే ఉన్నాయి, మూడు నాలుగు రోజుల్లో తల ఎత్తుతాయి.

మన సంతల్లో దొరికే పాలకూర చాలావరకు బీట్‌రూట్‌కు దగ్గరి చుట్టం. విదేశీ స్పినాచ్ వేరే మొక్క. ఆ పాలకూర విత్తనం గరుకుగా ముడిలా ఉంటుంది చూడండి, అది కొన్ని గింజలు అతుక్కున్న గుత్తి. ఒక్కటి నాటిన చోట రెండు మూడు మొలకలు రావడానికి కారణం అదే.

సలాడ్లలో వేసే లెట్యూస్‌ది మరో పేచీ. చాలా రకాల గింజలు లోతుగా పాతితే మొలవవు, వెలుతురు తగలాలి. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రం బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 1952లో ఈ గుట్టు బయటపెట్టారు. నానిన లెట్యూస్ గింజలకు ఎర్రని కాంతి చూపిస్తే మొలిచాయి. ఆ వెంటనే ఎరుపు అంచున కంటికి ఆనీ ఆనని కాంతి చూపిస్తే మొలక ఆగింది. మళ్లీ ఎరుపు చూపిస్తే మళ్లీ మొలక! ఎన్నిసార్లు మార్చినా చివర చూపిన కాంతిదే పైచేయి. గింజలోని ఈ మీటే ఫైటోక్రోమ్. చెట్ల ఆకుల్లోంచి వడకట్టి దిగే నీడలో ఆ రెండో రకం కాంతి ఎక్కువ కాబట్టి, పైన గొడుగు ఉందని గింజకు తెలిసిపోతుంది. మనం చేయాల్సిందల్లా మట్టి మీద చల్లి, అరచేత్తో అదిమి, తుంపరగా తడపడమే. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటితే మాత్రం చాలా రకాల గింజలు ముసుగుతన్ని పడుకుంటాయి. మార్చి ఎండల్లో హైదరాబాద్ డాబా మీద లెట్యూస్ విత్తడం, నన్నడిగితే, ప్యాకెట్ డబ్బులు దండగ.

అంతరిక్షంలో ఆ బెడద లేదు. 2015 ఆగస్టులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు అక్కడే పెంచిన ఎర్ర లెట్యూస్ తిన్నారు. వాళ్ల కుండీ అంటే బంకమట్టి పలుకులు, ఎరువు కుక్కిన చిన్న దిండు. ఆకుల్ని కడగలేదు, సిట్రిక్ యాసిడ్ కలిపిన తుడుపుగుడ్డలతో తుడిచారు.

కుండీ అడుగున గులకరాళ్లు పోస్తే నీళ్లు బాగా దిగుతాయన్నది ఇంటింటి నమ్మకం. జరిగేది అందుకు విరుద్ధం. సన్నమట్టిలోని నీరు ముతక రాళ్లలోకి అంత తేలిగ్గా దిగదు, రాళ్ల పైనే నిలుస్తుంది. వేళ్లకు మిగిలిన కాస్త చోటూ చిత్తడే. చిల్లు, దాని మీద పెంకుముక్క ఉంటే చాలు.

పుదీనాకు విత్తనాల జోలికి పోనక్కర్లేదు. కట్టలో ముదురు కాడలు నాలుగు గ్లాసు నీళ్లలో పెడితే వేళ్లొస్తాయి. కానీ దానికి వేరే కుండీ ఇవ్వండి, పక్కవాళ్లను బతకనివ్వదు.

ఎండలు ముదిరాక కుండీల్లో పిలవకుండానే మొలిచేది గంగవాయిలి కూర. నీళ్లు తక్కువైతే రాత్రిపూట గాలి పీల్చి మాలిక్ ఆమ్లంగా దాచుకుంటుంది, పగలు దాన్నే ఖర్చు పెడుతుంది. అందుకే పొద్దున్నే కోస్తే పులుపు ఎక్కువ, సాయంత్రానికి తక్కువ. పప్పులో చింతపండు ఎంత వేయాలో కోసిన వేళ చూసి తేల్చుకోండి.