నాలుగు నిమిషముల వ్యాయామము చాలునా?

గడచిన దసరా యుత్సవములు చూచుటకై జమ్మలమడుగునుండి మా చెల్లెలును, పులివెందులనుండి మా మేనత్తగారును ప్రొద్దుటూరిలోని మా యింటికి వచ్చియుండిరి. చెల్లెలు తన ఫోనులో నొక చిత్రమును చూపి, "అక్కా, దినమునకు నాలుగు నిమిషములు గట్టిగా గంతులు వేసినచో గంటసేపు శ్రమించిన ఫలము కలుగునట! నిజమేనా?" అని యడిగినది. నేను బదులు చెప్పకమునుపే మేనత్తగారు, "నాకు చిక్కు తీరికయు నాలుగు నిమిషములే గదమ్మా" అని నవ్విరి. మరునాటి యుదయమున ఆమె మధుమేహపు మాత్ర వేసికొని, ఏమియు తినకయే మేడమెట్లు పరుగుపరుగున నెక్కి దిగసాగిరి. మూడవమారు కన్నులు బైర్లు క్రమ్మి మెట్టుపై కూలబడిరి. చక్కెర కలిపిన నీరు త్రాగించిన పిదప తేరుకొనిరి.

ఈ సంగతిలో నిజమెంతయో తెలిసికొనవలెనని, ఉపాధ్యాయులైన మా వారి సాయమున కొంత చదివితిని. సోదరీమణులకు నుపయోగించునని వ్రాయుచున్నాను.

ఈ మాటకు మూలము జపానుదేశమున కలదు. 1996లో ఇజుమి తబాటా అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును యువకులచే కదలని సైకిలు త్రొక్కించి పరీక్షించిరి. ఒక జట్టువారు వారమునకు 5 దినములు, దినమునకు 60 నిమిషములు మితముగా త్రొక్కిరి. రెండవ జట్టువారు 20 సెకనులు సర్వశక్తులు నొడ్డి త్రొక్కుట, 10 సెకనులు విశ్రమించుట, ఇట్లు ఏడెనిమిది మారులు చేసిరి. 6 వారములకు ప్రాణవాయువును వినియోగించుకొను శక్తి రెండు జట్లకును పెరిగినది. 2016లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమువారు వ్యాయామ మలవాటులేని పురుషులను 12 వారములు పరీక్షించిరి. నడుమ 20 సెకనుల తీవ్రశ్రమ మూడుమారులు గల 10 నిమిషముల సాధనవలనను, 50 నిమిషముల మితసాధనవలనను ఆ శక్తి సమానముగనే, నూటికి సుమారు 19 వంతులు హెచ్చినది.

కావున ఆ మాట బొత్తిగా అబద్ధము కాదు. ఐనను మూడు సంగతులు మరువరాదు. జపానులో త్రొక్కినవారు ఇక కాలాడదనువరకు శ్రమపడినవారు. తీరికగా వేయు నాలుగు గంతులకు ఆ ఫలము రాదు. ఇందువలన పెరుగునది గుండె, ఊపిరితిత్తుల సత్తువయే; బరువు తగ్గుట వేరు సంగతి. నాలుగు నిమిషములలో ఖర్చగు శక్తి పండుగనాడు తిను ఒక్క భక్ష్యమునకైనను చాలదు. ఇక మూడవది: మధుమేహమునకు కొన్ని రకముల మాత్రలు వాడువారు పరగడుపున శ్రమించినచో రక్తములోని చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చును. గుండెజబ్బు, రక్తపు పోటు గలవారును వైద్యుని యడుగక తీవ్రశ్రమకు దిగరాదు.

మన వాగ్భటుడు అష్టాంగహృదయమున, బలవంతులు సైతము తమ శక్తిలో సగముమేరకే, అదియు శీతకాల వసంతములయందే వ్యాయామము చేయవలెననియు, తక్కిన కాలములలో మందముగా చేయవలెననియు చెప్పియున్నాడు. మన కడపజిల్లా యెండ లెరిగినవారి కీ హితవు విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

రోలు, తిరుగలి, చేదబావి యుండిన దినములలో మన పెద్దలకు శ్రమ వెదకుకొన పనిలేదు. నేడు మిక్సీయు, కొళాయియు వచ్చి ఆ చాకిరి తప్పించినవి, మేలే. కాని దానితోడనే శరీరపు సత్తువయు సడలినది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారమునకు కనీసము 150 నిమిషముల మితశ్రమగాని, 75 నిమిషముల తీవ్రశ్రమగాని కావలెననియు, దానిని చిన్న చిన్న వంతులుగా చేసినను లెక్కకు వచ్చుననియు తెలిపినది.

ఇప్పుడు మేనత్తగారు వైద్యుని సలహాపై, ఫలహారమైన పిదప మెల్లగా నడచుచు, నడుమ నడుమ ఒక నిమిషము వడిగా నడచుచున్నారు. చెల్లెలు వారమునకు మూడుమారులు, ముందు శరీరమును వేడిచేసికొని, తీవ్రశ్రమ చేయుచున్నది.

మొన్న ఫోనులో మేనత్తగారు, "అమ్మాయీ, నాలుగు నిమిషములే తీరిక యని నవ్వితిని గాని, అరగంట యిమ్మని ఇంట నెవరినైనను అడిగితినా?" అనిరి. ఆ మాట నా మనసున నాటినది. తీరిక లేనినాడు నాలుగు నిమిషములైనను వదలవద్దు. కాని ఇల్లు మనకు మిగిల్చినది నాలుగు నిమిషములే గనుక అవే చాలునని సమాధానపడవద్దు. దినమునకొక యరగంట మనదని ఇంటివారితో చెప్పుటయు వ్యాయామములో మొదటి మెట్టే.